పెరిగే పళ్ళు, అరిగే పళ్ళు

గొర్రెను కొనేవాడు మొట్టమొదట ఏం చూస్తాడు? ఉన్ని కాదు, కొమ్ములు కాదు, నోరు చూస్తాడు. సిద్దిపేట దగ్గరి చింతమడక వంటి ఊళ్ళో గొర్రెలు కాచే కురుమ పెద్దను ఎవరినైనా అడిగి చూడండి. ఒక చేత్తో గొర్రె దవడ పట్టుకొని, బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగి, ఒక్క క్షణం చూసి వదిలేస్తాడు. "నాలుగు పండ్లది" అంటాడు. పుట్టిన తేదీ రాసిన కాగితం ఏదీ లేకుండానే గొర్రె వయసు తేలిపోయింది!

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకాన్ని ఇదే సిద్దిపేట జిల్లాలోని కొండపాకలో ప్రారంభించింది. ఒక్కొక్కరికి 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో దిగిన ఆ గొర్రెలను కాపరులు ఎలా పరీక్షించి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

గొర్రెకు, మేకకు, ఆవుకు, ఎద్దుకు పై దవడ ముందు భాగంలో పళ్ళుండవు. అక్కడ గట్టి తోలు వంటి మెత్త ఉంటుంది. కింది దవడకు మాత్రం ముందువైపు ఎనిమిది పళ్ళుంటాయి. మొదట వచ్చేవి పాలపళ్ళు. అవి చిన్నవి, సన్ననివి. గొర్రెకు ఏడాది, ఏడాదిన్నర వయసులో నడిమి రెండు పాలపళ్ళు ఊడి, వాటి చోట రెండు వెడల్పాటి పళ్ళు వస్తాయి. ఆపైన రెండేసి చొప్పున మారుతూ, నాలుగేళ్ళు నిండేసరికి ఎనిమిదీ మారిపోతాయి. పశువుల్లో ఇదే వరుస కొంచెం ఆలస్యంగా, రెండేళ్ళు దాటాక మొదలై అయిదేళ్ళకల్లా ముగుస్తుంది. ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీలకు వెళ్ళినవారు వినే ఉంటారు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని మైకులో పిలుస్తారు. మన ఆటల పోటీల్లో వయసును బట్టి జట్లను విడదీసినట్లు, అక్కడ పళ్ళను బట్టి జతలను విడదీస్తారన్నమాట.

మరి ఎనిమిది పళ్ళూ వచ్చేశాక? అక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది. పళ్ళు అరుగుతాయి, పొట్టివవుతాయి, వాటి మధ్య సందులు పడతాయి, ఒక్కొక్కటే ఊడుతుంది. ఆరేడేళ్ళ గొర్రె పొట్టి గడ్డిని గట్టిగా కొరకలేదు. కళ్ళు బాగుంటాయి, కాళ్ళు బాగుంటాయి, ఎదురుగా మేత ఉంటుంది. అయినా చిక్కిపోతుంది. కాపరి ఆ సంగతి కనిపెట్టి, అది మరీ చిక్కకముందే అమ్మేస్తాడు. ఇంట్లో పిల్లలు దానికి పేరు పెట్టుకొని పెంచుకొని ఉంటే ఆ రోజు ఇంట్లో ఏడుపులు తప్పవు.

పెంపుడు జంతువులు మనకు దూరమయ్యే దారులు అనేకం. వాటిలో ఒకటి పళ్ళ మీదుగా పోతుంది. దానిని గురించి ఎవరూ అంతగా చెప్పరు. కుక్కకు జ్వరం వస్తే తెలుస్తుంది, పిల్లికి దెబ్బ తగిలితే కనిపిస్తుంది. కుందేలుకు నోటి వెనక దవడపన్ను పెరిగిపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ సంగతి తెలుసుకోవాలంటే ముందు గడ్డిని గురించి కొంచెం తెలుసుకోవాలి.

గడ్డి గరుకు కాగితం వంటిది

వరి చేలో నడిచేటప్పుడు ఆకు అంచు తగిలి చెయ్యి గీసుకుపోయిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అంత పలుచని ఆకు చర్మాన్ని ఎలా గీసింది? గడ్డి జాతి మొక్కలు నేలలోని నీటితోపాటు సిలికాను కూడా పీల్చుకుంటాయి. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దాన్ని సన్నసన్నని గాజు పలుకుల్లాగా ఆకుల్లో దాచుకుంటాయి. వరిగడ్డిలో అయితే, ఎండిన బరువులో నూటికి సుమారు 10 పాళ్ళు ఈ సిలికాయే ఉంటుంది. దీనికి తోడు ఆకుల మీద దుమ్ము, మట్టి. ఎద్దు ఒక రోజంతా మేసి, రాత్రి కూర్చుని నెమరువేస్తుంది కదా! ఆ నమలడం అంతా గరుకు కాగితంతో పళ్ళను రుద్దినట్లే.

మన పళ్ళకే గనుక ఆ పని అప్పగిస్తే కొద్ది ఏళ్ళలో చిగుళ్ళ దాకా అరిగిపోతాయి. గడ్డి మేసే జంతువులకు ప్రకృతి మూడు రకాల ఏర్పాట్లు చేసింది.

మొదటిది ఎద్దు, గొర్రె, గుర్రాలది. వీటి దవడపళ్ళు, అంటే చర్వణకాలు, చాలా పొడవైనవి. పైకి కనిపించేది కొంతే, మిగిలినదంతా దవడ ఎముకలో దాగి ఉంటుంది. పైన అరిగినకొద్దీ లోపలి నుంచి కొంచెం కొంచెంగా పైకి జరుగుతూ వస్తుంది. మీరు పెన్సిలు చెక్కుతూ రాసుకుంటారు చూడండి, అలాగన్నమాట. కాని పెన్సిలు పొడవు కొన్ననాడే నిర్ణయమైపోయింది. గుర్రం దవడపన్ను ఏడాదికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తుంది. లోపలి నిల్వ అయిపోయిన రోజున ఇక రావడానికేమీ ఉండదు.

రెండవ ఏర్పాటు ఏనుగుది. ఏనుగు దవడలో ఒక్కొక్క పక్క జీవితకాలంలో ఆరు దవడపళ్ళు వరుసగా వస్తాయి. ఒకటి అరిగి ముందుకు జరిగి రాలిపోతుంటే వెనక నుంచి మరొకటి వస్తుంది. ఆరవది అరిగిపోతే ఏడవది లేదు. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2021 జూన్‌లో రాణి అనే ఏనుగు 83 ఏళ్ళ వయసులో మరణించింది. అడవిలో అంత వయసు చూసే ఏనుగులు బహు అరుదు. మనుషుల చేతి మేత తినే ముసలి ఏనుగుకు తరిగిన మెత్తని మేత దొరుకుతుంది. అడవిలో దానికి కొమ్మలు తరిగి పెట్టేవారెవరు?

మూడవ ఏర్పాటే మన అసలు కథ. దానికి వెళ్ళేముందు ఎద్దును గురించి ఇంకొక్క మాట. పెన్సిలు పొడవే కాదు, దాని నాణ్యం కూడా ముందే నిర్ణయమవుతుంది. పంటికి పైన ఉండే తెల్లని గట్టి పొరను పింగాణీ పొర అంటారు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురులో ఉండగానే పని ముగించి మాయమైపోతాయి. ఆ రోజుల్లో దూడ తాగిన నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటే పొర మచ్చలు పడి, పెళుసుగా తయారవుతుంది. అలాంటి పన్ను త్వరగా అరుగుతుంది. తరువాత ఎంత మంచి నీళ్ళు తాగించినా ఆ పంటిని బాగుచేసే కణాలు అక్కడ ఉండవు. నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే ఫ్లోరోసిస్ గుర్తుకు వస్తుంది గాని, మన దేశంలో మనుషులకు వచ్చే ఈ వ్యాధిని గురించి వైద్యులు 1937లో మొదట ప్రచురించింది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. అంతకుముందే రైతులు తమ ఎద్దుల్లో తేడాను గమనించారు. కొత్తగా తవ్విన బావి నీళ్ళు కొంతకాలం తాగిన ఎద్దులు అరక లాగలేకపోయాయి. వైద్యుడికంటే ముందు జబ్బును రైతు చూశాడు, రైతుకంటే ముందు ఎద్దు అనుభవించింది.

ఆగని పళ్ళు

ఇప్పుడు ఎలుకను చూద్దాం. ఎలుక, పందికొక్కు, ఉడుత, ముళ్ళపంది, ఇవన్నీ కొరికే జంతువులు. అన్నట్టు, పందికొక్కుకు ఇంగ్లీషువాళ్ళు వాడే బాండికూట్ అన్న మాట మన తెలుగు మాట నుంచి పుట్టిందే సుమా! వీటికి ముందు పళ్ళు, అంటే కుంతకాలు, పైన రెండు, కింద రెండు. ఈ పళ్ళకు వేరు మూసుకుపోదు. అడుగున కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. కనుక జంతువు బతికినంత కాలం పన్ను పెరుగుతూనే ఉంటుంది.

కుంతకానికి పింగాణీ పొర ముందువైపు మాత్రమే ఉంటుంది, వెనకవైపు మెత్తని డెంటిన్. వెనకది త్వరగా అరుగుతుంది, ముందుది నిలుస్తుంది. అందుకే అంచు వడ్రంగి ఉలిలాగా ఏటవాలుగా, పదునుగా తయారవుతుంది. సానరాయి అక్కరలేదు, పై పన్నూ కింది పన్నూ ఒకదానినొకటి సానపెట్టుకుంటాయి. పందికొక్కు పళ్ళు పసుపు, నారింజ రంగుల్లో ఉంటే పాచి పట్టిందనుకోకండి. పింగాణీ పొరలోని ఇనుము వల్ల వచ్చిన రంగు అది.

ఎలుకకు ముందు పళ్ళు మాత్రమే ఇలా పెరుగుతాయి. కుందేలుకు ముందు పళ్ళే కాదు, దవడపళ్ళు కూడా పెరుగుతూనే ఉంటాయి. మొత్తం 28 పళ్ళు, ఒక్కటీ ఆగదు. కుంతకాలు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. తక్కువే గదా అనిపిస్తుంది. లెక్క వెయ్యండి. నెలకు 8, 9 మిల్లీమీటర్లు. మీ చేతిగోరు నెలకు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఏడాదికి 52 వారాలు, అంటే 10 సెంటీమీటర్ల పైమాట. ఎనిమిదేళ్ళు బతికిన కుందేలు పన్ను ఒక్కసారి కూడా అరగకుండా ఉండి ఉంటే దాదాపు గజం పొడవుండేది! అలా ఉండకపోవడానికి కారణం, ఎంత పెరుగుతుందో సరిగ్గా అంతే అరుగుతుంది. గడ్డి నమిలేటప్పుడు కుందేలు దవడ నిమిషానికి వందసార్లకు పైగా పక్కకు ఆడుతుంది. పెరుగుదల నుంచి అరుగుదలను తీసివేస్తే సున్నా రావాలి. కుందేలు ఆరోగ్యమంతా ఆ సున్నాలో ఉంది.

ఇటువంటి జంతువే చించిల్లా. పేరులో చింత వినిపిస్తోంది గదా అని మన చింతచెట్ల మీది జంతువు అనుకునేరు! దీని ఊరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. ఉడుతకంటే పెద్దది, అరకిలో అటూ ఇటూ తూగుతుంది, గుండ్రని చెవులు, కుచ్చు తోక. మనకు ఒక రంధ్రం నుంచి ఒకే వెంట్రుక మొలిస్తే, దానికి ఒక్కొక్క రంధ్రం నుంచి యాభైకి పైగా మొలుస్తాయి. ఆ బొచ్చు కోసమే మనుషులు దాన్ని వేటాడి అడవిలో దాదాపు లేకుండా చేశారు. 1923లో మథియాస్ చాప్మన్ అనే అమెరికా గని ఇంజనీరు చిలీ దేశం నుంచి డజనుకు మించని చించిల్లాలను కాలిఫోర్నియాకు తీసుకుపోయాడు. నేడు ప్రపంచంలో ఇళ్ళలో పెరిగే చించిల్లాల్లో చాలామటుకు వాటి సంతతే. సిద్దిపేట మే నెల ఎండ దానికి అసలు సరిపడదు. 27 డిగ్రీలు దాటితేనే దానికి వడదెబ్బ భయం. కనుక మన ఊళ్ళలో దాన్ని పెంచాలన్న ఆలోచన వద్దు. కాని దాని పళ్ళ కథ కుందేలు కథను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

చించిల్లాకు 20 పళ్ళు. ఒక్కొక్క దవడ పక్కన ఒక కుంతకం, ఒక అగ్రచర్వణకం, మూడు చర్వణకాలు. ఇరవై పళ్ళూ బతికినంత కాలం పెరుగుతాయి. ఆండీస్ కొండల్లో అది తినేది ముతక గడ్డి, ఎండు పొదల ఆకులు, బెరడు. ఆ మేతకు తగిన వేగంతో పెరిగే పళ్ళవి. అదే జంతువును పంజరంలో పెట్టి మెత్తని దాణా గుళికలు, ఎండుద్రాక్షలు పెడితే? పెరుగుదల మునుపటిలాగే ఉంటుంది, అరుగుదల తగ్గిపోతుంది. శాస్త్రజ్ఞులు అడవి చించిల్లాల పుర్రెలను, పెంపుడు చించిల్లాల పుర్రెలను పోల్చి కొలిచినప్పుడు పెంపుడు వాటి దవడపళ్ళే పొడవుగా తేలాయి.

సున్నా తప్పినప్పుడు

చింతమడకలో ఒక ఇంట్లో ఏడో తరగతి అమ్మాయి తెల్ల కుందేలును పెంచుతోందని అనుకుందాం. ఇక్కడ ఒక హెచ్చరిక. పెంపుడు కుందేలు యూరపు జాతి. మన చేలల్లో దొరికే చెవులపిల్లి వేరు. దాన్ని పట్టుకోవడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఆ అమ్మాయి కుందేలుకు ప్రేమగా బిస్కట్లు పెడుతుంది, క్యారట్ ముక్కలు పెడుతుంది, అన్నం మెతుకులు, అటుకులు పెడుతుంది. కుందేలు వాటిని చక్కగా తింటుంది. గడ్డి వేస్తే మాత్రం అంతగా ముట్టదు. పిల్లలకు బడి ముందు అమ్మే మిఠాయి ఉండగా జొన్నరొట్టె మీదికి మనసు పోతుందా? నెలలు గడుస్తాయి. పైకి ఏమీ తెలియదు.

లోపల జరిగేది ఇది. దవడపళ్ళు అరగక పొడవవుతాయి. అన్ని వైపులా ఒకేలా అరగవు గనుక అంచున ముళ్ళు లేస్తాయి. కింది పళ్ళ ముళ్ళు నాలుక వైపు, పై పళ్ళ ముళ్ళు బుగ్గ వైపు. నమిలినప్పుడల్లా గుచ్చుకుంటాయి. కుందేలు మేత దగ్గరకు ఆశగా వస్తుంది, నోట పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. చూసేవారికి అది పొగరుగా, మారాముగా కనిపిస్తుంది. నిజానికి దానికి ఆకలిగా ఉంది, నోరు మాత్రం నొప్పి.

చించిల్లాలో ఇంతకంటే రహస్యమైన కీడు ఒకటి ఉంది. రెండు చూపుడువేళ్ళ కొనలను ఎదురెదురుగా ఆనించి గట్టిగా నొక్కండి. ముందుకు దారి లేదు గనుక ఒత్తిడి మణికట్టు వైపు వెనక్కి పోతుంది. పైపన్ను, కిందిపన్ను ఒకదానికొకటి అడ్డం పడినప్పుడు కూడా ఇంతే. పెరుగుదల ఆగదు, కనుక పన్ను వెనక్కి, ఎముకలోకి పెరుగుతుంది. కింది దవడ అంచున వేలితో తడిమితే చిన్న గుబ్బలు తగులుతాయి. పైదవడ పళ్ళ మొదళ్ళు కంటి గూటి వైపు పోతాయి, కన్నీటి నాళం నొక్కుకుపోయి కంటి నుంచి నీరు కారుతుంది. ఇంట్లోవాళ్ళు కంటి జబ్బని కంట్లో చుక్కలు వేస్తారు. జబ్బు పంటిది! నోరు తెరిచి చూసినా ముందు పళ్ళు బాగానే ఉంటాయి. ఎక్స్‌రే తీస్తే గాని అసలు సంగతి బయటపడదు.

కుందేలు, చించిల్లా, ఇవన్నీ ఇతర జంతువులకు ఆహారమయ్యే జంతువులు. అడవిలో నీరసంగా కనిపించినదాన్ని నక్కో గద్దో ముందు ఎత్తుకుపోతుంది. అందుకని నొప్పిని దాచుకోవడం వాటి స్వభావం. కుక్కలాగా మూలగవు. మనకు తెలిసేసరికి గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి ఉంటుంది, పెంటికలు చిన్నవై తగ్గిపోతాయి, చేతిలోకి తీసుకుంటే వీపు ఎముక తగులుతుంది. కుందేలు కడుపులో పీచును పులియబెట్టే సూక్ష్మజీవులున్నాయి. మేత ఆగితే పేగుల కదలికే ఆగిపోతుంది. మనం ఒకపూట ఉపవాసం ఉండగలం. కుందేలు ఒక రోజంతా ఏమీ తినలేదంటే అది ప్రాణం మీదికి వచ్చినట్లే, మర్నాటి దాకా ఆగకూడదు.

పశువైద్యుడు ఏం చేస్తాడు? మత్తు ఇచ్చి, నోరు తెరిచి, ముళ్ళను చిన్న ఆకురాయి యంత్రంతో అరగదీస్తాడు. గోళ్ళు కత్తిరించే కత్తెరతో ఇంట్లో ఆ పని చేయబోకండి, పన్ను నిలువునా చీలుతుంది. ముళ్ళు తీసేస్తే చాలా కుందేళ్ళు మళ్ళీ తింటాయి. అయితే పన్ను మళ్ళీ పెరుగుతుంది గదా! కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ అదే పని. పళ్ళ మొదళ్ళు ఎముకలోకి పోయిన జంతువుకు పైన అరగదీయడం కొంత ఉపశమనమే గాని లోపల జరిగినదాన్ని వెనక్కి తిప్పలేదు. పల్లెలోని పశువైద్యులకు గేదెలు, గొర్రెలు అలవాటు. కుందేలు నోటి కోసం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల వంటి చోటికి పోవాలంటే చింతమడక నుంచి వంద కిలోమీటర్ల పైమాట. మత్తుకే తట్టుకోలేని స్థితిలో ఉన్న జంతువులూ ఉంటాయి. ఇక చేయగలిగింది లేదని, బాధ తప్ప మరేమీ మిగలలేదని తేలినప్పుడు వైద్యుడు సూదిమందుతో నొప్పి లేకుండా ప్రాణం పోయేలా చేయవచ్చు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా, కోలుకోలేని బాధలో ఉన్న జంతువు విషయంలో దీన్ని ఒప్పుకుంటుంది. ఆ నిర్ణయం పిల్లల మీద వేయదగింది కాదు. పెద్దలూ వైద్యుడూ తీసుకోవాలి. పిల్లలకు మాత్రం జరిగేది జరిగినట్టు చెప్పాలి. "ఎక్కడికో పారిపోయింది" అని చెబితే ఆ పిల్ల వారం రోజులపాటు చేలన్నీ వెతుకుతుంది.

"నా వల్లనేనా?"

పెంచిన జంతువు పోయినప్పుడు పిల్లలు మనసులో వేసుకునే మొదటి ప్రశ్న ఇదే. దీన్ని "ఛ, ఛ, నీ వల్ల కాదులే" అని తోసెయ్యడం సులువే గాని, సైన్సు చదివే పిల్లలకు ఆ జవాబు చాలదు. ఉన్నదున్నట్టు చూద్దాం.

కుందేళ్ళలో, చించిల్లాల్లో పళ్ళ జబ్బుకు కారణాలు ఒకటి కాదు. మేత ఒక కారణం, సందేహం లేదు. పుట్టుకతో వచ్చే దవడ ఆకారం ఇంకొకటి. ముఖం ముద్దుగా, పొట్టిగా ఉండాలని మనుషులు ఏరి ఏరి పెంచిన కుందేలు జాతుల్లో పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవవు. అటువంటి పిల్ల ఎంత గడ్డి తిన్నా కష్టమే. ఒక ఫలానా కుందేలు విషయంలో ఇందులో ఏది ఎంత అని తేల్చడం వైద్యుడికి కూడా చాలాసార్లు సాధ్యం కాదు. బిస్కట్లు పెట్టడం జబ్బుకు కారణాల్లో ఒకటైతే కావచ్చు. కాని కారణం వేరు, తప్పు వేరు. నోటి వెనక, ఎముక లోపల జరుగుతున్న దాన్ని, పెద్దలు కూడా చెప్పని దాన్ని, పన్నెండేళ్ళ పిల్ల తెలుసుకొని ఉండవలసిందని అనడం న్యాయం కాదు. ప్రేమతో పెట్టిన బిస్కటు ప్రేమతో పెట్టిందే.

ఒక్క కుందేలు కోసం అంత ఏడుపా అని నవ్వేవాళ్ళు ఊళ్ళో ఉంటారు. అటువంటివారిని ఎద్దు పోయిన రైతు ఇంటికి తీసుకుపోండి. అరక లాగలేని ముసలి ఎద్దును అంగడికి తోలక, పళ్ళరిగిన నోటికి తవుడు కలిపిన కుడితి, నానబెట్టిన మేత పెట్టి, చచ్చేదాకా కొట్టంలోనే కాపాడిన రైతులు మన పల్లెల్లో ఉన్నారు. అది పోతే పసుపు కుంకుమ పెట్టి, అది దున్నిన చేలోనే పాతిపెడతారు. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగకపోయినా ఎవరూ నవ్వరు. అందరూ అలా చేయలేరన్నది కూడా నిజమే. రెండెకరాల రైతుకు పని చేయని ఎద్దును మేపడం చిన్న భారం కాదు, అమ్ముకున్నవాడికి బాధ లేదని అనుకోవడానికీ వీల్లేదు.

జంతువును పాతిపెట్టేటప్పుడు గొయ్యి మూడడుగులకు తగ్గకుండా తీయండి, లేకపోతే కుక్కలు తవ్వుతాయి. బావికి, చేతిపంపుకు దూరంగా ఉండాలి. తెలియని జబ్బుతో పోయిన జంతువును చేతులతో ముట్టుకోకండి, పెద్దలచేత చేయించండి. గుర్తుగా ఒక మొక్క నాటుతామంటే మంచిదే, కాని మేకలు మేసే చోట కంచె కట్టండి.

జంట కుందేళ్ళలో ఒకటి పోతే రెండోది కొన్ని రోజులు ముడుచుకొని కూర్చోవడం, మేత తగ్గించడం పెంచేవారు గమనిస్తుంటారు. మనకు కలిగే దుఃఖం వంటిదే దానికీ కలుగుతుందా అన్నది తేల్చి చెప్పడం కష్టం. తోడు అలవాటైన జంతువుకు తోడు తప్పిందన్నది మాత్రం స్పష్టం. పోయినదాన్ని వెంటనే దాచెయ్యకుండా, రెండోదాన్ని కొంచెంసేపు దగ్గరకు రానిచ్చి వాసన చూడనివ్వమని చాలామంది సలహా ఇస్తారు. ఆ రోజుల్లో దాని మేత మీద కన్నేసి ఉంచాలి, ఎందుకంటే ఇంతకు ముందు చెప్పినట్టు కుందేలు తినకపోవడం ఎప్పుడూ చిన్న సంగతి కాదు.

మిగిలిన ఆ కుందేలుకు గడ్డి మరపడానికి కొంత ఓపిక కావాలి. ఒక్కరోజులో బిస్కట్లు ఆపేసి గడ్డి పడేస్తే అది పస్తుండిపోతుంది. పది, పదిహేను రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. గరిక, చేల గట్ల మీది పచ్చిగడ్డి మంచివి, కాని మందు కొట్టిన పత్తి చేల గట్ల గడ్డి వద్దు. రాత్రికి ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. క్యారట్ ముక్క ఎప్పుడో ఒకసారి చాలు.

ఇక ఈ నెల మీరు చేయదగిన పని ఒకటి. మీ ఇంట్లోనో బడిలోనో కుందేలు ఉంటే, వారానికోసారి ఒకే రోజున, ఒకే వేళకు, ఒక బుట్టలో పెట్టి కిరాణా దుకాణం తక్కెడలో తూచండి. బుట్ట బరువు తీసివేసి, తేదీ వేసి పుస్తకంలో రాయండి. చొంగ కారకముందే, కన్ను చెమ్మగిల్లకముందే, వీపు ఎముక చేతికి తగలకముందే బరువు తగ్గడం మొదలవుతుంది. రెండు వారాలు వరుసగా తగ్గిందంటే ఆ పుస్తకం పట్టుకొని పశువైద్యుని దగ్గరకు వెళ్ళండి. కుందేలు లేనివారు ఊళ్ళో గొర్రెల మంద దగ్గరకు వెళ్ళి, కాపరిని అడిగి ఆయన పట్టుకుంటే పది గొర్రెల నోళ్ళు చూడండి. ఒక్కొక్కదానికి ఎన్ని పెద్ద పళ్ళు, ఎన్ని పాలపళ్ళు, ఎన్ని ఊడిపోయాయో రాసుకొని, మీరు కట్టిన వయసు ఎంతో ఆయనకు చెప్పండి. సరిపోయిందో లేదో ఆయన చెబుతాడు.